వడికిన చేతుల మాట

నా చిన్నప్పుడు మా ఊరికి కొత్త మనిషి వచ్చాడంటే ఉన్ని కొనడానికో, సూదిమందు వేయడానికో అయ్యేది. ఆ రెండు పనులూ లేని మనిషి ఒక వానాకాలంలో పట్నం నుంచి వచ్చాడు. భుజానికి సంచి, చేతిలో లావుపాటి నోటుబుక్కు. మన దేశంలో ఎవరెవరు ఎట్లా బతుకుతారో, ఏం నేస్తారో, ఏ దేవుణ్ణి ఎట్లా కొలుస్తారో పుస్తకం రాస్తాడట. చిట్యాల రోడ్డుకు రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊరికి అందుకే వచ్చాడు. మాది గొంగడ్లు నేసే ఇల్లు. మా అవ్వ నల్లగొర్రెల ఉన్ని ఏకి రాట్నం మీద వడికేది, మా తాత మగ్గం మీద నేసేవాడు.

నేను రెండో తరగతి దాకా బడికి పోయాను. చెల్లె పుట్టగానే దాన్ని ఎత్తుకోవడానికి మాన్పించారు. నా పలక పాలకుండ మీద మూతయింది. దానికి నేను ఎవరినీ ఏమీ అనలేదు గానీ, ఆ సారు జేబులో ఎర్ర పెన్సిల్ చూసేసరికి కళ్ళు దాని మీదనే పడ్డాయి. ఒక కొసకు రబ్బరు కూడా ఉంది. ఆయన కనిపెట్టాడు. ఎవ్వరూ చెప్పని సంగతి ఒకటి చెప్తే ఇది నీదే అన్నాడు.

నాకు తెలిసినవన్నీ మా తాత అప్పటికే చెప్పేశాడు. ఇక మిగిలింది కల్పించడమే.

“మా గొంగడి మీద ఆడపిల్లలు కూసోవద్దు సారూ. కూసుంటే కండ్లు పోతయ్” అన్నాను.

ఆయన రాయడం మొదలుపెట్టాడు. నా మాటను ఒక పెద్దమనిషి అంత శ్రద్ధగా రాసుకోవడం అదే మొదలు. ఆ సంబరం ఆగక, మా మేనత్తకు గట్లనే ఒక కన్ను పోయిందని కూడా కలిపాను. మేనత్త కన్ను పోయింది అమ్మవారు పోసి. ఆయన “అయ్యో” అంటూ అది కూడా రాసుకున్నాడు. పెన్సిల్ నా చేతికి వచ్చింది.

సాయంత్రం మా అవ్వ దాన్ని చూసింది. ఎక్కడిదని అడిగితే గొప్పగానే చెప్పాను, నా తెలివికి మెచ్చుకుంటుందని. పొయ్యి మీద జొన్నగట్క కలుపుతున్న తెడ్డు ఒక్క క్షణం ఆగింది. “మంచిది” అని మళ్ళీ కలుపుకుంది. మా అవ్వ చేయి చాలా వడి. ఆ చేయి లేవకపోవడం చూసి బతికిపోయాననుకున్నాను.

తెల్లారి ముసురు పట్టింది. నేల చెమ్మగా ఉంటే పాత గొంగడి పరిచి అందరం దాని మీదనే తినేవాళ్ళం. నేను కూర్చోబోతుంటే అవ్వ రెక్క పట్టి లేపింది. “నువ్వు కూసోవద్దు బిడ్డా, కండ్లు పోతయ్” అంది. ఎగతాళి అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. చెల్లెను కూడా లేపింది. మా అమ్మను లెమ్మంది. ఆఖరుకు తనూ లేచి నిలబడింది. గొంగడి మీద మా తాత, బాపు ఇద్దరే మిగిలారు. గిన్నెలు చేతుల్లో పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నారు.

“గిదేం కత?” అన్నాడు తాత.

“నీ మనవరాలు సారుతోని రాయించింది. బుక్కులకెక్కినంక నడుసుకోవాలె గదా.”

“ఎవలన్న నవ్వుతరు, కూసో” అన్నాడు తాత.

“నవ్వరు. నమ్ముతరు. గదే నా బాధ.”

చెల్లె తడినేల మీద నిలబడి ఏడుపు అందుకుంది. దానికి ఆకలి తప్ప ఏమీ తెలియదు. అప్పుడు అవ్వ నా వైపు తిరిగింది. “ఎన్ని దినాలు కూసోని వడికిన్నో దీన్ని. వడికిన చేతులకు అంటని పాపం కూసుంటే అంటుతదా? రేపు నీ మనవరాలు బుక్కుల సూసి గిట్లనే లేసి నిలబడ్తది. ఎవలు చెప్పిండ్రంటే, మనోళ్ళే చెప్పిండ్రంటరు” అంది.

నాకు అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఏడుస్తూ, సారుకు చెప్పేస్తానన్నాను. కానీ ఆయన అప్పటికే ఎడ్లబండి ఎక్కి పెద్దరోడ్డుకు వెళ్ళిపోయాడు. బస్సు ఎక్కితే ఆ మాట ఆయన సంచిలోనే పట్నం పోతుంది. పట్నంలో ఆయన ఇల్లెక్కడో మాకు తెలియదు, పేరు సరిగ్గా తెలియదు.

ఎవరు పిలిచినా రాట్నం వదలని అవ్వ ఆ పూట వదిలింది. ఒకే గొంగడి ఇద్దరం నెత్తి మీద కప్పుకుని బురదలో నడిచాం. దూరంలో లారీ మోత వినబడినప్పుడల్లా అది బస్సే అనుకుని నేను ఆగిపోయేదాన్ని. అవ్వ మాత్రం అడుగు తగ్గించలేదు. వానకు బస్సు ఆలస్యమైంది. రోడ్డు పక్క చాయ్ హోటల్లో సారు కూర్చుని ఉన్నాడు.

అవ్వ నన్ను ముందుకు తోసింది. “నేను ఉట్టిగనే చెప్పిన సారూ” అన్నాను.

ఆయన నవ్వాడు. “చిన్నపిల్ల కదమ్మా, పోనీలే” అన్నాడు అవ్వతో.

“రాసుకునేటప్పుడు పెద్దదే, కొట్టేసేటప్పుడు చిన్నదైందా కొడుకా?” అంది అవ్వ.

ఆయన నవ్వు ఆగిపోయింది. నోటుబుక్కు తీసి ఆ పేజీ చింపబోయాడు. కాయితం దండుగ చెయ్యకు, కొట్టేసి దాని పక్కకే రాయమంది. అవ్వ చెప్పింది, ఆయన రాశాడు: ఉన్ని ఆడవాళ్ళు వడుకుతారని, పెండ్లిలో పిల్లా పిలగాడూ ఇద్దరూ గొంగడి మీదనే కూర్చుంటారని, ఆడపిల్ల కూర్చోకూడని గొంగడి మా ఇండ్లలో లేదని. మేనత్త కన్ను సంగతి మా ఇంటిది, అది పూర్తిగా తీసేయమంది.

తర్వాత నోటుబుక్కు నా ముందు పెట్టించింది. “ఏం రాసిండో చదువు.”

రెండో తరగతి చదువు నాది. ఆయనది గొలుసుకట్టు రాత. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఉండగానే బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, సారు లేచి నిలబడ్డాడు, అవ్వ మాత్రం నోటుబుక్కు మీద చేయి తీయలేదు. “ఉన్ని వడికి గొంగడి నేస్తారు” అని చదివాను.

“ఎవలు వడుకుతరని ఉన్నది?”

మళ్ళీ చూశాను. లేదు. తొందరలో ఆ ఒక్క మాట ఆయన వదిలేశాడు. “ఆడోళ్ళ మాట లేదవ్వా” అన్నాను. సారు ముఖం ఎర్రబడింది. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, నోటుబుక్కు మోకాలికి ఆనించి ‘ఆడవాళ్ళు’ అని ఇరికించి రాశాడు. నేను చదివాక గానీ అవ్వ చేయి తీయలేదు.

పెన్సిల్ ఆయనకు ఇచ్చేయించింది. ఆయన తీసుకుని మళ్ళీ నాకే చాపాడు, చదివినందుకు అని. “గట్లయితే తీస్కో” అంది అవ్వ. చేతివేళ్ళకు అందనంత చిన్నదయ్యేదాకా దాన్ని వాడుకున్నాను. ఆనాటి నుంచి ఉప్పు పొట్లం కాగితం కూడా నాతో చదివించకుండా పారేయలేదు మా అవ్వ. బడి ముఖం మళ్ళీ చూడని నాకు అక్షరాలు మిగిలాయంటే ఆమె చలవే.

తెలంగాణ వచ్చాక మా మనవరాలు సర్కారు కొలువు పరీక్షకు చదువుతోంది. మన చరిత్ర, మన సమాజం, మన పండుగలు, చేతిపనుల మీద పుస్తకాలు నకిరేకల్ నుంచి తెచ్చి ఇల్లంతా పేరుస్తుంది. వాటికి పాత క్యాలెండర్ అట్టలు వేసేది నేనే. కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ గొంగడి సంగతి ఎక్కడుందో వెతకమంటాను. తను పేజీ తిప్పుతుంటే ఈ వయసులో కూడా భుజం మీదుగా తొంగి చూస్తాను. నా అబద్ధం ఇప్పటిదాకా దేనిలోనూ కనిపించలేదు. ఆ సారు పుస్తకం అచ్చయిందో లేదో తెలియదు. అయితే మా అవ్వ చెప్పిన మాట కూడా ఎక్కడా లేదు. నేసేవాళ్ళ గురించి రాశారు, వడికేవాళ్ళ గురించి లేదు.

ఆ మాట అంటే మనవరాలు తల ఎత్తకుండానే, “గట్లయితే నువ్వే రాయి అవ్వా” అంది.

క్యాలెండర్ల వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా, రాశాను. తప్పులు దిద్ది ఇప్పుడు తను పైకి చదువుతోంది. కూర్చున్నది మా అవ్వ వడికిన గొంగడి మీదనే. మధ్యలో ఫోన్ మోగింది, రేపు చదువుతానంది. ఉన్ని ఆడవాళ్ళు వడుకుతారన్న మాట తన నోటితో పలికేదాకా కాగితం మీద నుంచి నేను చేయి తీయలేదు.