నలభై నిమిషాల సెగ

2003 జూలై 14, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. కాకినాడలో సన్నని జల్లు. సెగ చూపించనిదే దేని మీదా కత్తి పెట్టని గున్నేశ్వరరావు గారిని, మా ఇంజనీరింగు కళాశాల ఆవరణ చివరి షెడ్డులో, నేను మొదటిసారి చూసినది అప్పుడే.

నేను స్టోర్సు గుమాస్తాను. నా భార్య శ్యామలాంబ చనిపోయాక నాలుగు నెలలలో నా నడుము సన్నబడి, బెల్టుకు మరో రంధ్రం కావలసివచ్చింది. గున్నేశ్వరరావు గారు నా బెల్టును దీపం సెగకు పట్టుకొని కూర్చున్నారు.

"తోలుకు కూడానా అండీ?"

"చల్లగా ఉంటే ఏదైనా మొండికేస్తుందండి. కొత్త రంధ్రాల్లో ఇది ఎన్నోది?"

"మూడోది."

ఆయన రంధ్రం వేసి బెల్టు నా చేతికిచ్చారు.

ఆ షెడ్డులో ఆయన నడిపే, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేతు యంత్రానికి లేజరు అమర్చి ఉండేది. మామూలు పనిముట్లను విరిచేసే గట్టి లోహమైనా, కత్తి తాకబోయే చోట ముందుగా లేజరు కిరణం పడితే ఎర్రబడి మెత్తబడేది. వెనువెంటనే కత్తి దిగేది. పరిశోధన నిధులు ఆగిపోయాక విద్యార్థులు అటు రావడం మానేశారు. ఆయన బ్రహ్మచారి. సాయంత్రం వరకు ఆయనతో మాట్లాడేది ఆ యంత్రం ఒక్కటే.

యంత్రధర్మం ఆయనకు జీవనధర్మమైంది. జామపండును షెడ్డు రేకుల పైకప్పు మీద వేడెక్కించిగాని కోసేవారు కారు. క్షవరానికి ముందు అరగంట నడినెత్తిన ఎండ పెట్టుకునేవారు.

"ఈయన తల ముట్టుకుంటే నా చేతులు బొబ్బలెక్కుతున్నాయండి బాబూ!" అని మంగలి చిట్టియ్య మొరపెట్టుకున్నాడు.

రంధ్రం వేసిన మరునాడు ఆయన స్టోర్సుకు వచ్చారు.

"లేజరు వేడెక్కడానికి నలభై నిమిషాలండి. అంతసేపు గదిలో ఇద్దరుండాలని రూలు. రోజూ పన్నెండున్నరకు రావాలి మీరు. ఎలాగూ కూర్చుంటారు, క్యారియరు తెచ్చుకోండి."

పక్కింటి మరిడమ్మ పంపే క్యారియరు అంతవరకు మూత తీయకుండానే తిరిగి వెళ్ళేది. ఎదుట మనిషి లేని కంచం ముందు కూర్చోలేకపోయేవాడిని. రూలును కాదనలేక వెళ్ళాను. ఆయన కూరగిన్నెలన్నీ స్టవ్ మీద పెట్టేవారు.

"మజ్జిగకు సెగ చూపించరేమండీ?"

"కోసేది కాదు కదండీ!"

ఇలా మూడేళ్ళు గడిచాయి. 2006 ఆగస్టులో యంత్రాన్ని పరీక్షించడానికి మీనాకుమారి అనే ఇంజనీరు వచ్చింది. నేను క్యారియరు విప్పుతూ, ఇంకా ముప్పై నిమిషాలు ఆగాలన్నాను.

"ఎందుకండీ? ఇది ఐదు నిమిషాల్లో రెడీ అవుతుంది."

"మరి, ఇద్దరుండాలని రూలో?"

"అలాంటి రూలేం లేదండీ. ఎవరు చెప్పారు?"

నేను గున్నేశ్వరరావు గారి వైపు చూశాను. ఆయన వంకాయకూర గిన్నె వైపు చూశారు.

"మొదటి రోజే అన్నం తినమని చెబితే వినేవారా మీరు?" అని గొణిగి, "కూర చల్లారుతోందండి, ముందు వడ్డించండి," అన్నారు.

మీనాకుమారికి కూడా వడ్డించాను.

ఆయన 2007 మార్చి 31న పదవీవిరమణ చేసి, కోరుకొండలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. యంత్రాన్ని మరో కళాశాలకు తరలించారు. ప్రతి ఆదివారం క్యారియరు తీసుకొని బస్సులో కోరుకొండ వెళుతున్నాను. ఆయన ఇప్పటికీ మామిడిపండును నలభై నిమిషాలు ఎండలో ఉంచిగాని కోయరు. నా బెల్టు మళ్ళీ శ్యామలాంబ ఉన్ననాటి రంధ్రానికి వచ్చింది.