కుక్కగారి తలంటు

కుక్కలకు స్నానం చేయించి సోకులు చేసే దుకాణాలంటే మా ఆయనకు మహా చులకన. "మనకి తలంటడం రాదా ఏంటి?" అంటూ ఓ ఆదివారం లూకన్‌లోని మా ఇంట్లో తానే నడుం బిగించారు.

మా కుక్క ఒళ్లంతా కొబ్బరినూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టారు. అందినంత పిండి అది నాకేశాక మిగతాది కడిగి, బొచ్చు ఆరడానికి సాంబ్రాణి పొగ వేశారు. స్మోక్ అలారం గొల్లుమంది. పక్కింటావిడ పరుగెత్తుకొస్తే, జిడ్డు చేతులతోనే "ఎవ్రీథింగ్ ఈజ్ గ్రాండ్!" అన్నారు.

మెట్ల మీద కూర్చుని ఇదంతా చూసిన మా అమ్మాయి అడిగింది: "డాడ్, డిడ్ యు ఎవర్ డూ దిస్ ఫర్ మీ?"

పాపం, అలారం మోతలో ఆయనకు వినపడలేదట. అలారం ఆగి అప్పటికి చాలాసేపయింది.