ఏటవాలు వీధిలో పోసిన ఆయిల్

నా చిన్నప్పుడు నేను చెప్పకుండా మింగేసిన మాట ఒకటుంది. "నేనే పోశాను" అన్న రెండు ముక్కలు. అవి బయటికి రావడానికి ముప్పయ్యైదేళ్ళు పట్టింది. ఈలోగా నా తప్పును మరొకరు తమదే అనుకుని మోశారు. అందుకే ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పట్లో మేము ఫిల్మ్ నగర్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక సినిమా ఆఫీసులో గుమాస్తా. బండరాళ్ళ మధ్య ఇళ్ళు, ఇళ్ళ మధ్య ఏటవాలు వీధులు. మా వీధి ఎంత ఏటవాలంటే, చేజారిన బంతి కింద మలుపులో ఇస్త్రీ బండి దగ్గర దొరికేది. పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటాయన స్టూడియో వ్యాన్ నడిపేవాడు. సొంతానికి ఒక పాత తెల్లకారు కొనుక్కుని, ఆదివారం ఇంటిల్లిపాదినీ అందులో చర్చికి తీసుకెళ్ళేవాడు. ఆయన కూతురే నేను చెప్పబోయే పక్కింటి అక్క.

అక్కకు అప్పుడు ఇరవై ఏళ్ళుంటాయి. మా వీధిలో కారు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. సరిగ్గా ఏటవాలు మధ్యలో బండి ఆపి, అంగుళం కూడా వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించేది. నేను ఆట మానేసి నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. కారు కడగడానికి నీళ్ళు మోస్తే ముందు సీట్లో కూర్చోనిచ్చేది. బానెట్ ఎత్తి ఏది ఏమిటో చెప్పేది. ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఉందో చూసే సన్నటి ఇనుప కడ్డీ నాకు అన్నిటికన్నా నచ్చేది. దాన్ని లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీస్తే దాని మీద రెండు గీతలు. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. "కింది గీతకన్నా తగ్గిందనుకో, ఇంజన్ పట్టేస్తుంది. నడిరోడ్డు మీద నిలబడిపోతాం" అనేది అక్క. కడ్డీ చూడాల్సి వస్తే మాత్రం కారును చర్చి ముందున్న చదును స్థలానికి తీసుకెళ్ళేది. అక్కడ నీడ ఉంటుంది కాబట్టి అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఫైట్ మాస్టర్ ఒకాయన వాళ్ళింటికి వచ్చాడు. జూబ్లీ హిల్స్ ఎత్తు రోడ్డు మీద హీరోయిన్ కారు తోలుకుంటూ వచ్చే షాట్ ఉంది. ఆమెకు డ్రైవింగ్ రాదు. అలాంటప్పుడు ఫైటర్లలో ఎవరో ఒకరికి విగ్గు పెట్టి, చీర కట్టి కూర్చోబెట్టడం అలవాటు. దూరం నుంచి తీస్తారు, ఎవరికీ తెలియదు. కానీ మాస్టర్‌కు ఈసారి నిజంగా ఆడపిల్లే నడిపితే బాగుంటుందనిపించింది. "విగ్గు పెడితే జుట్టొస్తుందిగానీ, ఆ భుజాలెక్కడ దాచేది?" అని నవ్వాడు. షాట్ బాగా వస్తే ఇలాంటి ప్రతి షాట్‌కూ పిలుస్తానన్నాడు. కారు కూడా వాళ్ళదే పెట్టమన్నాడు.

అక్క వాళ్ళ నాన్న వెంటనే ఒప్పుకోలేదు. గడప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, చివరకు ఒక షరతు పెట్టాడు. "ఈ ఒక్కటీ చూద్దాం. సవ్యంగా జరిగితే నీ ఇష్టమమ్మా. ఏదైనా తేడా వచ్చిందో, ఇక బండి తాళం అడగొద్దు." అక్క తల ఊపింది. గోడ ఇవతల నిలబడిన నేను కూడా ఊపాను.

షూటింగ్‌కు ముందురోజు సాయంత్రం అక్క కారును చదునుకు తీసుకెళ్ళింది. నేనూ ఎక్కాను. కడ్డీ చూసి, డబ్బాలోంచి కాస్త ఆయిల్ పోసి, మళ్ళీ చూసి, సరిపోయిందంది. సగానికి పైగా మిగిలిన డబ్బాను డిక్కీలో పెట్టింది.

మర్నాడు ఆరింటికే నేను బకెట్టుతో సిద్ధం. నన్ను షూటింగ్‌కు తీసుకెళ్తానని అక్క మాటిచ్చింది. స్కూలు ఎగ్గొట్టడానికి మా అమ్మ ఒప్పుకుంది. వాళ్ళ వాకిట్లో కారు ముక్కు ఎగువకు పెట్టి నిలబడి ఉంది. లోపల అక్కకు కాస్ట్యూమ్ అతను పసుపు చీర ఇచ్చి, ఒక పెద్దావిడ చేత కట్టిస్తున్నాడు. నేను కారు కడిగాను, అద్దాలు తుడిచాను, ఇంకా టైముంది. బానెట్ ఎత్తి కడ్డీ లాగాను. తుడిచి, ముంచి తీశాను. ఆయిల్ కింది గీతను కూడా అందుకోలేదు, కొస మాత్రం తడిసింది.

షాట్ మధ్యలో ఇంజన్ పట్టేసి, హీరోయిన్ చీరలో అక్క నడిరోడ్డు మీద నిలబడిపోయినట్టు కళ్ళకు కనిపించింది. లోపలికెళ్ళి చెప్పొచ్చు. చెప్పలేదు. కారును కాపాడింది నేనే అని షాట్ అయ్యాక, అందరూ చప్పట్లు కొడుతుంటే చెప్పాలనిపించింది. డబ్బాలో ఉన్నదంతా ఒంపేశాను. మళ్ళీ కడ్డీ చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. ఖాళీ డబ్బా డిక్కీలో పెట్టేసి, చేతులు లాగుకు తుడుచుకున్నాను.

అంత హుషారైన ఉదయం నా జీవితంలో మళ్ళీ రాలేదు. గొడుగులు, ఎండను మళ్ళించే వెండి అట్టలు, మైకు అరుపులు, రోడ్డుకు అటూ ఇటూ తాడు కట్టి జనం. టిఫిన్ వ్యాన్ దగ్గర నాకు కూడా రెండు ఇడ్లీలు పెట్టారు. అక్క స్టీరింగ్ ముందు కూర్చుంటే, దూరం నుంచి చూసినవాళ్ళు హీరోయిన్ వచ్చేసిందనుకుని ఈలలు వేశారు. అక్క అద్దంలోంచి నన్ను చూసి కన్ను గీటింది. నాకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు.

కింద మలుపులోంచి కారు వచ్చింది. బాణంలా వచ్చింది. సగం ఎత్తు ఎక్కేసరికి వెనక పొగ మొదలైంది. మొదట సన్నగా, తర్వాత తెల్లగా, నీలంగా, బుసబుసమంటూ. క్షణంలో కారు కనిపించడం మానేసింది. తాడు వెనక నుంచి ఎవరో అరిచారు. "ఏందిర బై, కారు అన్నరు, దోమల మందు బండి తెచ్చిండ్రు!" జనం గొల్లుమన్నారు.

అక్క వెంటనే ఇంజన్ ఆపేసి దిగింది. నలుగురి చేత కారును పక్కనున్న చదును జాగాలోకి తోయించింది. బానెట్ ఎత్తి కడ్డీ తీసి చూసింది. ఆయిల్ పై గీత దాటి, ఎక్కడికో పాకి ఉంది. డిక్కీలోంచి డబ్బా తీసి ఊపింది. చప్పుడు లేదు.

"అమ్మాయీ, ఆయిల్ చూసుకోవడం కూడా రాదా?" అన్నాడు మాస్టర్.

"చూశాను మాస్టారూ" అంది గానీ, ఆ గొంతులో నమ్మకం లేదు. నా వైపు తిరిగింది. "ఈ డబ్బా ఎవరైనా ముట్టుకున్నార్రా?"

"లేదక్కా" అన్నాను.

ఆ ఒక్క మాట. అక్క నన్ను నమ్మింది. తనను తాను నమ్మలేదు. "నిన్న చీకటి పడే వేళ కదా, కంగారులో మొత్తం పోసేసుంటాను" అని తనలో తనే అనుకుంది.

ఆ తర్వాత అక్క చేసినదాన్ని నేనెప్పటికీ మరిచిపోలేను. ఏడవలేదు, ఎవరినీ బతిమాలలేదు. డిక్కీలోంచి వాళ్ళ నాన్న ఖాకీ చొక్కా తీసి చీర మీద తొడుక్కుంది. కింద అట్టముక్క పరుచుకుంది. కాస్ట్యూమ్ అతను "అమ్మా, చీర! ఇంకొకటే ఉంది, అది హీరోయిన్‌గారిది!" అని నెత్తి కొట్టుకుంటున్నాడు. "మరకైతే నన్ను కొట్టు బాబాయ్, ముందు ఆ పానా ఇలా అందుకో" అంటూ కారు కిందికి దూరింది. ఇంజన్ అడుగున ఉన్న బోల్టును కొద్దికొద్దిగా వదులు చేసి, వేడివేడి ఆయిల్‌ను టిఫిన్ వ్యాన్ వాళ్ళ రేకు పళ్ళెంలోకి దించింది. మణికట్టు మీద కాలింది. చిన్నగా మూలిగి, బోల్టు బిగించి, బయటికి వచ్చింది.

ప్రొడక్షన్ మేనేజర్ చేతిగడియారం చూపిస్తూ వచ్చాడు. "అయిందా? ఎక్కు మరి."

"పావుగంట ఆగాలి సార్. ఆయిల్ మొత్తం కిందికి దిగితేనే లెక్క తెలుస్తుంది."

"పావుగంటా! నువ్వు లెక్క చూసుకునేలోపు సూర్యుడు నెత్తి మీదికొస్తాడు తల్లీ."

అక్క కదల్లేదు. చూడకుండా బండి తీయనంది. అలా ఆగుతూ, పక్కన నిలబడిన నాకు పాఠం చెప్పింది. తక్కువైతేనే కాదురా, ఎక్కువైనా ఇంజన్ పోతుంది, లోపల తిరిగేవి దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి, నురగొస్తుంది, నురగ ఇంజన్‌ను కాపాడదు అంది. ఎక్కువైందని తెలిశాక అడుగు కూడా నడపకూడదట. ఆపి, కొంచెం తీసి, ఆగి, చూడాలట. "చూసేది కూడా చదునులోనే చూడాలి. మన వీధిలాంటి ఏటవాలులో ఆయిలంతా ఒక పక్కకు పోతుంది, కడ్డీ తప్పు చెబుతుంది."

అప్పుడు అర్థమైంది నాకు. కారులో ఆయిల్ తగ్గనే లేదు. కారు ముక్కు ఎగువకు పెట్టి ఉంది, అంతే. అక్క చర్చి ముందుకు తీసుకెళ్ళింది నీడ కోసం కాదు. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఎండిపోయింది.

పావుగంట తర్వాత అక్క కడ్డీ తీసి చూసింది. ఆయిల్ సరిగ్గా రెండు గీతల మధ్య ఉంది. తల ఎత్తేసరికి ఎదురుగా ఇంకో పసుపు చీర. హీరోయిన్ కోసం దాచిన చీరలో, విగ్గు పెట్టుకుని, మీసాన్ని కొంగుతో కప్పుకుని ఒక ఫైటర్ నిలబడి ఉన్నాడు. పాపం, ఆ మనిషికే మొహం చెల్లడం లేదు. "చెల్లె, ఏమనుకోకు, నా పని గిదే. రెండో గేరు జర గట్టిగున్నట్టుంది, ఎట్ల పడుతదో చెప్పవా?"

అక్క ఆ మీసాన్నీ విగ్గునీ చూసి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే గేరు ఎలా వేయాలో చూపించింది. తను బాగుచేసిన కారులో, తను చెప్పిన గేరులో ఆయన ఎత్తు ఎక్కాడు. కాస్తంత పొగ కూడా రాలేదు. షాట్ ఓకే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పాలనుకున్న సమయం అదే. చప్పట్లు ఆగిపోయాయి. నేను చెప్పలేదు.

మాస్టర్ మళ్ళీ పిలవలేదు. వాళ్ళ నాన్న అన్నంత పనీ చేశాడు, తాళం తన జేబులో వేసుకున్నాడు. మరుసటి ఏడు మేము మోతీనగర్‌కు మారిపోయాం.

కిందటి నెల మా అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆడవాళ్ళే ఎక్కువగా నేర్చుకునే స్కూలట. మూడో రోజు అన్నం తింటూ నవ్వుతూ చెప్పింది. "మా మేడమ్ భలే ఉంటారు నాన్నా. ఆవిడకు ఇరవై ఏళ్ళప్పుడు సినిమాలో కారు నడిపే ఛాన్స్ వచ్చిందట. కంగారులో డబ్బా ఆయిలంతా పోసేసి పాడుచేసుకున్నారట. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కూ చెబుతారట, నాలా తొందరపడి పోయకండే అని." చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, ఆ స్కూలు ఎక్కడో అడిగాను.

తెల్లవారి మా అమ్మాయితోపాటు వెళ్ళాను. మైదానంలో నాలుగు కార్లు, ఎనిమిదిమంది ఆడపిల్లలు. జుట్టు నెరిసింది గానీ అక్కే. మణికట్టు మీద ఆ మచ్చ అలాగే ఉంది. నేనెవరో చెప్పాను. "ఒరేయ్, నువ్వట్రా!" అని రెండు చేతులూ పట్టుకుంది. ఆ సంతోషం చల్లారకముందే చెప్పేశాను. మళ్ళీ ఆగితే ఈ జన్మకు చెప్పలేను.

అక్క అడిగిన మొదటి మాట ఇది. "అప్పుడు కారు ఎటు మొహం పెట్టి ఉంది?"

"ఎగువకక్కా."

"అందుకే తక్కువ చూపించింది" అంది నెమ్మదిగా. ఆ వెంటనే, "అయితే ఆ సాయంత్రం నేను సరిగ్గానే చూశాను" అంది. ఆ మాట నాతో అన్నది కాదు. కళ్ళు నిండాయి. వెంటనే కోపం వచ్చింది. రావాల్సిందే. "ఇన్నేళ్ళూ ఊరందరికీ నా తప్పని చెప్పుకుంటూ తిరిగాను కదరా! నా చెవిలో చెబితే సరిపోతుందా? వాళ్ళకు చెప్పు."

నా ఉద్యోగంలో ఇప్పటికీ ఎవరైనా తగ్గారని, తప్పారని వినిపిస్తే, వాళ్ళు నిలబడిన చోటు చదునో ఏటవాలో ముందు చూస్తాను. ఆ బుద్ధి అక్క ఆ పావుగంటలో నేర్పింది. కానీ నేను నిలబడిన చోటు ఎప్పుడూ చూసుకోలేదు. ఆ ఉదయం ఎనిమిదిమంది అమ్మాయిల ముందు, వాళ్ళలో ఒకతె నా కూతురు, నిలబడ్డాను. పదకొండేళ్ళ వయసులో చప్పట్ల మధ్య చెప్పాలనుకున్న మాట, చప్పట్లు లేకుండా చెప్పాను.

"ఆ రోజు ఆయిల్ పోసింది మీ మేడమ్ కాదమ్మా, నేను. ఆవిడ సరిగ్గానే చూసింది. అడిగితే అబద్ధం చెప్పాను. తప్పు నాది. నన్ను క్షమించక్కా."