బావ వాటాకు వచ్చిన మందు

మా అక్క మొగుడికి అనకాపల్లి దగ్గర చెరకు తోట ఉండేది. నేను పోర్టులో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తూ సీతమ్మధారలో కాపురముండేవాణ్ణి. వయసులో ఆయన నాకన్నా చాలా పెద్దవాడే అయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. ఏటా చెరకు ఆడటం పూర్తయ్యాక ఆయన భుజాన చిన్న సంచి వేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. అందులో పంచదార. సహకార చక్కెర ఫ్యాక్టరీలో షేరున్న రైతులకు చవగ్గా ఇచ్చే పంచదార అది. తోట నరకమని ఆర్డరు కూడా షేరున్నవాడికే ముందు వచ్చేది. షేరు లేనివాడి చెరకు ఎండకు బరువు తగ్గుతూ నిలబడి ఉండేది. షేరంటే బావకు తెలిసింది అదే.

ఎనభైల నడుమ ఒక ఏడు, సంచి దించుతూ నడుం పట్టుకుని ఆగిపోయాడు. పంచె మీద, ముడి దగ్గర, రక్తపు మరక కనిపించింది.

"ఏటి బావా అది?"

"ఏటీ లేదు. పంచె ఒరుపు. మా అయ్యకీ ఉండేది."

బావ పంచె కట్టు మా వాళ్లందరికీ తెలుసు. చేలో వంగినా, బండి ఎక్కినా జారకూడదని మొలతాడు కింద బిగించి కట్టేవాడు. స్నానానికి విప్పితే నడుం చుట్టూ నల్లటి గాడి కనిపించేది. ఆ గాడిలోనే ఇప్పుడు పుండు లేచింది. అంచులు గట్టిపడి ఉన్నాయి.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి చర్మ క్యాన్సర్ అని చెప్పారు. ఒకే చోట ఏళ్ల తరబడి బిగించి కట్టేవాళ్లకు ఒక్కోసారి అలా వస్తుందట. "ఇప్పుడు కోసి తీసేస్తే బతుకుతాడు. వాయిదా వెయ్యకండి" అన్నారు. ఆ మాటే బావకు చెప్పాను.

ఆ రోజుల్లో మా ఆఫీసు క్యాంటీనులో షేర్ల దరఖాస్తుల గోల. బ్రోకరు మనిషి కట్టలు తెచ్చి బల్లల మీద పంచిపోయేవాడు. పెద్ద కంపెనీలను వదిలి నేను ఇంటికి తెచ్చుకున్నది హైదరాబాదులో కొత్తగా పెడుతున్న ఒక మందుల కంపెనీ కాగితం. చర్మ క్యాన్సర్‌కు పూతమందు, దాన్ని ముందే కనిపెట్టే పరీక్ష తయారు చేస్తామని అందులో రాశారు. బావ రోగం తెలిశాక ఆ రెండు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో. దాని అట్ట మీద పూతమందు గొట్టం బొమ్మ చూసి బావ అదేమిటని అడిగాడు. చదివి వినిపించాను.

"అలగైతే కొయ్యడం ఎందుకు? నా పేరునా ఓ దరకాస్తు ఎయ్యి."

"షేరు కొంటే మందివ్వరు బావా. లాభమొస్తే అందులో వాటా ఇస్తారు."

"ఏటి సెప్తన్నావు? ఏటేటా నువ్వు తాగే కాపీలో పంచదార ఎక్కడిదనుకున్నావు?"

"అది సహకార సంఘం. ఇది కంపెనీ."

"పేరేదైతే ఏటి? షేరున్నోడికి ముందు, లేనోడికి ఎనక. పోర్టులో ఇన్నేళ్లు లెక్కలు రాసి ఈ మాత్రం తెలీదేటి నీకు?"

దరఖాస్తు వేస్తే ఆపరేషన్‌కు వస్తానని మాటిమ్మన్నాను. "ముందు ఎయ్యి" అన్నాడు. ఇద్దరి పేరా వేశాను. అడిగినవాళ్లు ఎక్కువై, ఎవరికి ఇవ్వాలో లాటరీ తీశారు. నా డబ్బు తిరిగి వచ్చేసింది. బావకు షేర్లు వచ్చాయి. కబురు చేస్తే వచ్చి చూసుకున్నాడు.

"సూసావా, నీకు రానేదు. రోగమున్నోడికే ఇచ్చారు. కంపినీవోళ్లు నీకన్నా తెలివైనోళ్లు" అని పగలబడి నవ్వాడు. సాయంత్రం పాసింజరుకు ఊరెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ నేను ఆ ఊరికే వెళ్లాను. అక్క గుమ్మంలోనే పట్టుకునేది. "నీ మాటైతే ఇంటాడు తమ్ముడూ, గట్టిగా సెప్పు." గట్టిగానే చెప్పేవాణ్ణి. ఆయన గట్టు మీద కూర్చుని ఓపిగ్గా వినేవాడు. అంతా విని, "మందు రానీ బావా. దానికీ తగ్గకపోతే అప్పుడు నువ్వే కోయించు" అనేవాడు. కంపెనీకి ఉత్తరం రాశాను. ప్రయోగాలు జరుగుతున్నాయని జవాబిచ్చారు. చదివి వినిపిస్తే బావ భయపడతాడనుకున్నాను. "జరగతన్నాయి కదా మరి" అని నా భుజం తట్టాడు. ఆ ఏటి డైరీ తీస్తే ఆదివారాల కింద ఒకే వాక్యం ఉంటుంది: బావ ఒప్పుకోలేదు.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక గజ్జల్లో గడ్డ కట్టింది. అప్పుడు తానే వచ్చాడు, అక్కను వెంటబెట్టుకుని. డాక్టరు గడ్డ నొక్కి చూశారు. కోతకు కాలం దాటిపోయిందని, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి చూద్దామని అన్నారు. మా ఇంట్లోనే ఉంచుకుని రిక్షాలో తిప్పాను. కరెంటు పెట్టిన చోట తోలు కమిలిపోయింది. పంచె నడుం మీద ఆనితే ఓర్చుకోలేక ఛాతీ కిందికి వదులుగా చుట్టుకుని పడుకునేవాడు. "ఆడోళ్లలాగ కట్టుకున్నాను, ఊళ్లో సెప్పకు" అనేవాడు.

ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ చిన్న అట్టపెట్టె ఇచ్చి వెళ్లాడు. దరఖాస్తులో నా ఇంటి చిరునామా ఇచ్చాను గనుక బావ పేరున నా ఇంటికే వచ్చింది. కంపెనీ మొదటి సరుకు తయారైన సందర్భంగా వాటాదారులకు కానుక. లోపల వేలెడు గొట్టం, మడతపెట్టిన కాగితం.

బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలా రోజులకు తనంతట తాను లేచాడు.

"వొచ్చీసిందేటి? ఏటి రాసుందో సదువు."

కాగితం విప్పాను. తామరకు, గజ్జికి, దురదకు అని ఉంది. వెనక్కి తిప్పి చూశాను. అక్కడ ధర, తయారైన నెల ఉన్నాయి. అంతకుమించి ఏమీ లేదు. అక్క నా మొహం వంక చూస్తోంది. ఆమెకు చదువు రాదు. అడుగున ఉన్న వరస ఒక్కటి పైకి చదివాను.

"రోజుకు రెండుసార్లు, పలచగా రాయాలి."

"నాను సెప్పలేదేటి! షేరున్నోడికి రాకుండా ఎక్కడికి పోతాది?" అన్నాడు బావ. ఆ ఒక్క మాటకే ఆయాసపడ్డాడు.

అక్క చేతులు కడుక్కుని వచ్చింది. "పుండుకేనా తమ్ముడూ, గడ్డకి కూడానా?"

బావ అప్పటికే పంచె ముడి విప్పుకుంటున్నాడు. మూత గట్టిగా ఉందని అక్క గొట్టాన్ని నా చేతికిచ్చింది. తీసి ఇచ్చాను.