సున్నా వచ్చిన పాలెం

మీ ఇంట్లో ఆఖరుసారి పోయిన పెద్దమనిషి ఏ జబ్బుతో పోయారు? "గుండె ఆగి" అని మాత్రం చెప్పకండి. పోయిన ప్రతివాళ్లకీ గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందని అడుగుతున్నాను.

నేను డాక్టర్ని. ఈ ప్రశ్న అడగడమే నా ఉద్యోగం. నెల్లూరు తీరం వెంబడి ఎవరికి, ఏ వయసులో, ఒంట్లో ఎక్కడ క్యాన్సర్ వస్తోందో లెక్క తీసే ప్రభుత్వ పరిశోధన కార్యక్రమాన్ని నేను నడుపుతున్నాను. ఆస్పత్రుల నుంచి, ల్యాబుల నుంచి, మరణాల నమోదు నుంచి సమాచారం తెప్పించి, ఆపైన ఇంటింటికీ పోయి సరిచూసుకుంటాం. జనం దీన్ని గుమాస్తా పని అనుకుంటారు. లెక్కలో లేని రోగికి ప్రభుత్వం దృష్టిలో రోగమే ఉండదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒక ఏడాది లెక్కలో ఒక పాలెం నా కంట్లో నలుసైంది. వాకాడు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉండే చేపల వేటగాళ్ల పాలెం అది. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. దానికి అటూ ఇటూ ఉన్న పాలేల్లో కేసులున్నాయి. లోపల వరి పండే ఊళ్లలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం సున్నా. గాలి అదే, నీళ్లు అవే, ఆడవాళ్ల బుగ్గల్లో పొగాకూ అదే. నోటి క్యాన్సర్ ఊరి పొలిమేర చూసి ఆగిపోతుందా?

రాజధానిలో ఉండే మా పై అధికారి మాత్రం సంతోషించాడు.

"మంచిదే కదా మేడం! ఆ బండిని ఇంకో ఊరికి పంపించెయ్యండి."

బండి అంటే నోటి పరీక్షలు చేసే వ్యాను. మా తీరానికంతటికీ ఒక్కటే ఉంది. కేసులున్న ఊళ్లకు ముందు పోతుంది. సున్నా వచ్చిన ఊరికి ఆ ఏడు ఇక రాదు. నేను స్వయంగా చూసి వచ్చేదాకా ఆగమని ఆయనతో చెప్పాను.

కావలిలో మా నాన్న ఆదివారాలు ఇంటి వసారాలో చర్చలు పెట్టేవాడు. దేవుడు, కులం, జాతకం, దేన్నీ వదిలేవాడు కాదు. ఒక్కటే నియమం: ఎదుటివాడి వాదనను వాడికంటే బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని కాదనాలి. ఆ నియమం నాకు పాలెంలో గుర్తొచ్చింది, కాస్త ఆలస్యంగా.

సర్వే చేసే గూడూరు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇసుకమీద నెత్తళ్ల చేపలు ఎండుతున్నాయి. యాభై ఏళ్లుండే ఒకామె వాటిని తిరగేస్తోంది. ఆమె ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది.

"ఏందక్కా ఆ బుగ్గ?" అన్నాను.

"పన్ను నొప్పిమా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా మనవరాలు పుట్టకముందు నుంచి."

పక్కనున్నామె కిసుక్కున నవ్వింది. "ఆ బిడ్డ ఇప్పుడు నడస్తా ఉండాది డాక్టరమ్మా!"

"నువ్వు నోరు ముయ్‌మే. నీ నెత్తళ్లు కాకులెత్తుకపోతా ఉండాయి, పోయి చూసుకో."

"ఒక్కసారి నోరు తెరువక్కా, చూస్తాను," అన్నాను.

తెరవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దురాయి ఉండాది," అంది.

పాలెం పెద్దలను కాపులంటారు. వాళ్లు అందరినీ పిలిచి వేసే కట్టడి దురాయి. వేటకు ఎప్పుడు పోకూడదో, ఏ వల వాడకూడదో దాంతోనే తేలుతుంది. అక్కడివాళ్లు పోలీసు మాటైనా దాటుతారు గాని దురాయి దాటరు. దాటినవాళ్లను వెలివేస్తారు. గూడూరు అమ్మాయి మెల్లగా అడిగితే ఆ దురాయి ఏమిటో చెప్పారు: క్యాన్సర్‌లాంటి పెద్దజబ్బు పేరు బయటివాళ్లకు చెప్పకూడదు. అందుకే జబ్బు ముదిరినవాళ్లు చెన్నై పోయి, ఆస్పత్రిలో అక్కడి చుట్టాల అడ్రసు ఇస్తున్నారు. ఆ కేసు చెన్నై లెక్కలో పడుతోంది. ఊళ్లో పోయినవాళ్లకు గుండె ఆగిందని రాయిస్తున్నారు. మా సున్నా తయారైంది ఇలా.

నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రం వలలు బాగుచేసుకునే షెడ్డులో కాపులు కూర్చుని ఉంటే నేరుగా వెళ్లాను. వెనక ఆడవాళ్లూ చేరారు.

"మనుషుల ప్రాణాలమీద కట్టడి వెయ్యడానికి మీరెవరు?" అని మొదలుపెట్టి, నోటికొచ్చిందంతా అన్నాను.

పెద్దకాపు తెల్లమీసాల ముసలాయన. వల కుట్టడం ఆపకుండానే అంతా విన్నాడు.

"అరవడం అయిందా తల్లీ? ఇప్పుడు మేం చెప్పేది ఇను. అప్పుడెప్పుడో ఎవడో సెల్లు పట్టుకోనొచ్చి వీడియో తీసుకోని పోయినాడు. క్యాన్సర్ పాలెం అని పేరు పెట్టి ఊరూరా తిప్పినాడు. మా చేపల్లోనే జబ్బుండాదంట! మర్నాటి నుంచి చేపలు కొనే ఐసు వ్యాన్లు రేవుకి రాలా. పట్టిన చేపల్ని మళ్లీ సముద్రంలోనే పోసినాం. కుదిరిన సంబంధాలు తిరిగిపోయినాయి. అప్పుడు ఏ డాక్టరూ వచ్చి అది అబద్ధమని చెప్పలా. అప్పుడేసినాం దురాయి."

నాన్న నియమం అప్పుడు గుర్తొచ్చింది. నేను మూఢనమ్మకంతో పోట్లాడటానికి వచ్చాను. ఎదురుగా ఉన్నది ఒక వాదన. తప్పుడు వాదనే, కానీ దానికి కారణం ఉంది. దాన్ని వాళ్లకే తిరిగి చెప్పాను.

"ఊరి పేరు బయటపడితే పొయ్యి వెలగదు. అందుకని దాచారు. మీ చేపల వల్ల క్యాన్సర్ రాదనీ, అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ మేమే వచ్చి చెప్పాల్సింది, చెప్పలేదు. ఒప్పుకుంటాను. కానీ ఊరి పేరుతో పాటు మీరు మనుషుల్ని కూడా దాచేశారు. వాళ్లు లోపల్లోపలే పోతున్నారు. మేము మండలం మొత్తానికి కలిపి లెక్క చెబుతాం. మీ పాలెం పేరు బయటపెట్టం."

ముసలాయన సూది ఆపాడు.

"మా మాటమీద దురాయి ఉండాది. మీ మాటమీద ఎవురేస్తారమ్మా?"

చట్టం ఉందని చెప్పబోయి ఆగాను. ఆ వీడియో తీసినవాడికీ చట్టం ఉంది, అది వాణ్ని ఆపలేదు.

"మీరే వెయ్యండి. ఈ పాలెం పేరు నా వల్ల బయటికొస్తే మళ్లీ ఈ రేవులో అడుగుపెట్టను."

వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "ఆయమ్మ రాకపోతే అది శిచ్చ ఎట్టయిద్ది మామా, మనకు పండగ గదా!"

షెడ్డంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఆడవాళ్ల మధ్య నుంచి నెత్తళ్ల ఆమె లేచింది.

"పెదకాపు మామా, నాకొక అనుమానం."

"అడుగు."

"దురాయి జబ్బు పేరు చెప్పొద్దనింది. చూపించొద్దనిందా?"

"అనలా," అన్నాడు ముసలాయన.

"అయితే చూపిస్తా."

వచ్చి బల్బు కింద కూర్చుని నోరు తెరిచింది. లోపల, పొగాకు ముద్ద పెట్టుకునే చోట, తెల్లటి మచ్చ మధ్యలో గట్టిపడిన పుండు.

"ఇది పన్ను నొప్పి కాదక్కా. చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. ఇది బహుశా..."

"పేరు చెప్పబాకండి," అంది వెంటనే. "దురాయి ఉండాది."

ఈసారి పెద్దకాపు కూడా నవ్వాడు. నవ్వి, వల పక్కన పెట్టి మిగతా కాపుల్ని దగ్గరికి పిలిచాడు. ఆ తర్వాత దురాయి మార్చడానికి కూర్చున్నారు. ఇకమీదట చూపించుకోనివాళ్లను వెలివేస్తామన్నారు. అదీ కుదరదన్నాను. చూపించుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది, జబ్బు చెప్పుకున్న ఇంటిని ఎగతాళి చేసేవాళ్లను, దూరం పెట్టేవాళ్లను కట్టడి చెయ్యండి అన్నాను. గట్టిగానే వాదులాడుకున్నాం. చివరికి అదే ఖాయమైంది. కులపెద్దల తీర్పుల్ని నేను ఎన్నడూ మెచ్చలేదు, ఇప్పుడూ మెచ్చను. వాదనకు తలుపు తీసినవాళ్లను మాత్రం గౌరవిస్తాను.

బండి పాలేనికి వెళ్లింది. ఆమెకు నెల్లూరులో పరీక్ష చేస్తే అది క్యాన్సరే. బుగ్గ దాటి పోలేదు. ఆపరేషన్ జరిగింది. ఇంకొందరు వచ్చి చూపించుకున్నారు. సున్నా పోయింది.

అప్పుడు పై అధికారికి ఉత్సాహం వచ్చింది. "మ్యాపులో ఊరూరికీ ఎర్రచుక్క పెట్టండి మేడం. పేపరువాళ్ల ముందు బాగుంటుంది."

"మండలం వరకే ఇస్తాను."

"మీరు పరిశోధన చేస్తున్నారా, పాలేనికి కాపు పని చేస్తున్నారా?"

"రెండూ," అన్నాను. మెమో వచ్చింది. జవాబు రాశాను. మ్యాపు మండలం దగ్గరే ఆగింది.

మొన్న మళ్లీ వెళితే ఆమె ఇసుకమీదే ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది, తిట్టు మాత్రం స్పష్టంగానే ఉంది. "మళ్లీ నా నోరు చూడనొచ్చినావా? ముందు దీని నోరు చూడు డాక్టరమ్మా, ఎంత చెప్పినా పొగాకు మానలా!" పక్కనున్నామె గొణుక్కుంటూనే నోరు తెరిచింది.

పాలెంవాళ్లకు ఐసు వ్యాన్ల భయముంది. టౌన్లో ఉండే మీకేం భయం? మీమీద ఏ కాపూ దురాయి వెయ్యలేదు. మీకు మీరే వేసుకున్నారు. దాన్ని తీసెయ్యండి. మీ ఇంట్లో పొగాకు నమిలే మనిషిని ఇవాళే వెలుతుర్లో కూర్చోబెట్టి నోరు తెరిపించండి. రెండు వారాలు దాటినా మానని పుండు కనబడితే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రేపు మా సర్వే అమ్మాయి మీ గడపలోకొచ్చి అడిగినప్పుడు, జబ్బు పేరూ సొంత ఊరి పేరూ రెండూ నిజం చెప్పండి.