కంట్రోల్ గూడు

కరీంనగర్‌లో ఒక మందుల కాలేజీ వెనక ఎలుకల గది ఉండేది. అది ఊడవడం, గూళ్ళలో ఊక మార్చడం, నీళ్ళ సీసాలు నింపడం నా పని. పరిశోధన చేసే ఒక అమ్మాయి రోజూ వచ్చి ఎలుకల తోకకు పట్టీ చుట్టి బీపీ చూసేది. ఒక వరుసలో బీపీ ఉన్న ఎలుకలు, వాటికి రోజూ మందు. ఇంకో వరుస మీద ‘కంట్రోల్’ అని చీటీ అంటించి ఉండేది. మా దగ్గర రేషన్ బియ్యాన్ని కంట్రోల్ బియ్యం అంటారు.

"గివేంది మేడం, కంట్రోల్ బియ్యం తినేటియా?" అని అడిగితే పడీపడీ నవ్వింది.

"కాదక్కా, గివి మంచిగున్న ఎలుకలు. గీటికి బీపీ లేదు, మందు లేదు."

ఆ మాట నేను అట్లాగే పట్టుకున్నాను.

మా ఆయన బొగ్గు బాయిలో పని చేసి రిటైరైన మనిషి. బీపీకి, గుండె దడకు రోజూ పొద్దున ఒక గోలీ వేసుకునేవాడు. ఆ నెల దవాఖానకు వెళ్తే డాక్టరు చూసి, "కంట్రోల్‌ల ఉన్నది, ఫికర్ లేదు" అన్నాడు. ఇంకో మాట అడిగేలోపే వెనకవాళ్ళను పిలిచాడు. బయటికి వచ్చాక నేనే అన్నాను.

"కంట్రోల్ అన్నడంటే రోగం పోయినట్టే. ఇగ గోలీ బందు వెట్టు."

"ఆయన బందు వెట్టమనలే గదనే?"

"నాకు తెల్వదా? రోజూ సూస్తలేనా?"

"ఎలుకల డాక్టరమ్మ చెప్పినంక తిరుగుంటదా!" అని నన్ను చూసి నవ్వాడు.

గోలీ లేకుండా నాలుగు రోజులు బాగానే తిరిగాడు. అయిదో రోజు చాయ్ తాగుతూ రొమ్ము పట్టుకున్నాడు. దవాఖాన చేరకముందే, ఆటోలోనే పోయాడు.

కర్మలు అయ్యాక పనికి వెళ్తే, ఆ అమ్మాయి ఏమైందని అడిగింది. గోలీ ఆపిన సంగతి చెబితే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వివరించింది. గుండె కణాల మీద కంటికి కనిపించని చెవుల్లాంటివి ఉంటాయట. ఒళ్ళు కేక వేస్తే అవి వింటాయి, గుండె ఉరుకుతుంది. ఆ గోలీ చెవులు మూసి పెడుతుంది. ఏమీ వినపడక గుండె కొత్త చెవులు మొలిపించుకుంటుందట.

"ఒక్కపారే గోలీ ఆపితే గా చెవులన్నిటికీ కేక వినవడ్తదక్కా. గుండె తట్టుకోదు. మా ఎలుకలకు సుత మెల్లమెల్లగ తగ్గించే ఆపుతం."

ఎలుకకు దక్కిన జాగ్రత్త నా పెనిమిటికి దక్కలేదు.

"ఎందుకు ఆపిండక్కా?"

"యాది మరిచిండు మేడం."

ముప్పై ఏళ్ళు ఒక్క షిఫ్టు మరవని మనిషి మీద ఆ మాట వేశాను. ఇంట్లో మా అత్తకూ అదే చెప్పాను. గోలీ కూడా యాదికుండదా అని, చచ్చిన కొడుకును ఆమె ఇప్పటికీ తిడుతూనే ఉంది.