రాడార్ గన్నుకు ముద్రేది?

"స్కూటీ తాళం ఇస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వను వదినా. నీ కోడలు ముప్పై ఎనిమిది మీద ఎల్లింది. మన సందుకి లిమిట్ ఇరవై."

"ఆ లిమిట్ ఎట్టినోడెవడు?"

"క్లబ్బు."

"క్లబ్బంటే పూజకి పందిరేసుకోవాలి, కేరమ్స్ ఆడుకోవాలి. బళ్లు ఆపడానికి నువ్వేటి, పోలీసువా?"

"మున్సిపాలిటీ ఆలకి సెప్పినాను. బాగుందన్నారు."

"నా ఇడ్లీ పిండి కూడా బాగుందంటారు. అందుకని ఓటలెట్టీసినానా?"

సుభాష్‌పల్లిలో మా సందు చివర, క్లబ్బు అరుగు మీద జరిగిన గొడవ ఇది. తాళం లాక్కున్నాయన క్లబ్బు సెక్రటరీ. రైలింజను నడిపి రిటైరైన మనిషి. బోర్డు మీది వేగం ఎవరు దాటినా ఆయనకు అన్నం సహించదు. మలంచా రోడ్డులో పోలీసులు రాడార్ గన్నుతో బళ్లు పట్టుకోవడం చూసి వచ్చాడు. క్రికెట్ పోటీల్లో బంతి వేగం చూడటానికి కొన్న గన్ను ఒకటి క్లబ్బు బీరువాలో ఉంది. అది పట్టుకుని ఆ సాయంత్రం సందు మొగలో నిలబడ్డాడు. మొదట దొరికింది మా కోడలు.

కోడలికి పొద్దున్నే వర్క్‌షాపులో డ్యూటీ. స్కూటీ లేకపోతే ఆటో ఎక్కాలి. మా ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తేనే ఆటో మాట వినిపిస్తుంది.

నేను మూడో తరగతితో బడి మానేశాను. చట్టాలు తెలియవు. కానీ బజారులో ఏ కొట్టుకు వెళ్లినా ముందు కాటా తిరగేసి, సర్కారు ముద్ర ఉందో లేదో చూస్తాను. ముద్ర లేనిచోట వంకాయ కూడా కొనను. నేను రావడం చూస్తే కూరలవాళ్లు తామే తిరగేసి చూపిస్తారు.

ఆ అలవాటుతోనే ఆయన చేతిలోని గన్ను లాక్కుని తిరగేశాను.

"ముద్రేది?"

"దీనికి ముద్రేటి వదినా! ఇది రాడార్."

"వంకాయలు తూసే కాటాకే ముద్ర కావాల. మనిషిని పట్టుకునే మిషన్‌కి అక్కర్నేదా? ఇది బంతుల్ని సూసేది. నా కోడలు బంతా?"

కేరమ్స్ ఆడేవాళ్లు ఆట ఆపి మరీ నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఠాణాలో అడుగుతాను. ఆలు కూడదంటే పొద్దున్న తాళం నేనే తెస్తాను, ఠీక్ హై?" అంటూ తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న, అమ్మకానికి పిండి గిన్నె వరండాలో పెట్టుకుని నేను కూర్చునేసరికి ఆయన వచ్చాడు. ఒక చేతిలో తాళం, ఇంకో చేతిలో స్టీలు గిన్నె.

"తిట్టినారు వదినా. బళ్లు ఆపే పవర్ క్లబ్బుకి నేదంట, మున్సిపాలిటీకీ నేదంట."

కోడలు తాళం అందుకుని డ్యూటీకి బయల్దేరింది. సందు మొగ దాకా నెమ్మదిగానే వెళ్లింది.

"కేజీ పిండి ఎయ్యి," అన్నాడాయన.

కాటా ముందుకు లాగాను. ఆయన గిన్నె కింద పెట్టి, కాటాను రెండు చేతులతో ఎత్తి తిరగేశాడు.

"వదినా, ముద్రేది?"

అది మా అత్తగారి కాటా. దాన్ని నేనెప్పుడూ తిరగేసి చూడలేదు.

కాటా లోపల పెట్టి వచ్చాను. ఆయన గిన్నెలో అంచు దాకా పిండి పోశాను. కేజీ డబ్బులే తీసుకున్నాను.